గుప్పెడంత రాయలవారు: చిన్న బొమ్మకు రంగులు వేస్తూ నేను చెడగొట్టినవి, నేర్చుకున్నవి

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం. నువ్వు చిత్తూరులో డిగ్రీ చదువుతున్నావు. త్రీడీ ప్రింటు తీయించిన 75 మిల్లీమీటర్ల రెసిన్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మ తెచ్చుకున్నావు. చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయలు. రంగుకు ముందు వేసే పునాది పూత, అదే ప్రైమర్, కొడితే ఇసుక చల్లినట్టు వచ్చింది. రంగు వేస్తే ముక్కూ పెదాలూ పూడుకుపోయాయి. కళ్లు పెడితే రాయలవారు దయ్యం పట్టినట్టు చూస్తున్నారు. బంగారం వేస్తే తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ గొలుసులా ఉంది. "ఇంత చేసినా రెండడుగుల దూరం నుంచి చూస్తే మట్టిముద్దలా ఉందన్నా, బ్రష్ మార్చాలా?" అన్నావు.

బ్రష్ జోలికి ఇప్పుడే వెళ్లకు. నేను తిరుపతిలో పన్నెండేళ్లుగా ఈ బొమ్మలకు రంగులు వేస్తున్నాను. ఇదే భంగిమలో ఉన్న రాయలవారి బొమ్మ మీద ఆరు వారాలు కూర్చున్నాను. నువ్వు చెప్పిన ఐదు తప్పులూ నేనూ చేశాను, ఒక్కోటి రెండుసార్లు. మొదటి రెండూ మన ఊళ్ల వాతావరణం వల్ల, నీళ్ల వల్ల వచ్చేవి. మిగతా మూడింటిలో కళ్ల సంగతి వేరు, బంగారమూ మట్టిముద్దా మాత్రం నిజానికి ఒకటే తప్పు. వెలుగు ఎటునుంచి పడుతోందో తేల్చుకోకుండా రంగు వేయడం మొదలుపెట్టావు.

ప్రైమర్ సంగతి ముందు చూద్దాం. నువ్వు మధ్యాహ్నం మిద్దె మీద కొట్టానన్నావు. అక్కడే చెడింది. మేలో మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. స్ప్రే డబ్బాలోంచి వచ్చిన తుంపర బొమ్మను తాకేలోపే గాలిలో సగం ఆరిపోతుంది. ఆరిన పొడి వచ్చి అంటుకుంటే అది ఇసుకలాగే ఉంటుంది. దూరం ఎక్కువైనా ఇదే గతి. ఎండాకాలంలో నేను ఉదయం ఏడులోపే కొట్టేస్తాను. డబ్బాను రెండు నిమిషాలు బాగా ఊపి, ఒక జానెడు దూరం నుంచి, బొమ్మ పక్కన గాలిలో మొదలుపెట్టి బొమ్మ మీదుగా దాటించేస్తాను. బొమ్మ మీదే మొదలుపెట్టి బొమ్మ మీదే ఆపితే ముద్ద పడుతుంది. ఒకే దెబ్బకు మొత్తం కప్పేయాలన్న ఆత్రం వద్దు. పలచగా మూడుసార్లు. వానల్లో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, స్ప్రే జోలికే వెళ్లను. బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడతాను.

అసలు ప్రైమర్ ఎందుకని కొందరు అడుగుతారు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గుడ్డ మీద నేరుగా కలం పెట్టరు. ముందు కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. లేకపోతే గీసిన గీత పక్కలకు పాకుతుంది. మన రెసిన్‌కు కష్టం దానికి తలకిందులు. రంగు పాకిపోవడం కాదు, అసలు పట్టుకోదు, నున్నటి చోట బొట్లుబొట్లుగా విడిపోతుంది. పట్టు ఇచ్చేది ప్రైమరే. ప్రైమర్‌కు ముందు బొమ్మను సబ్బు నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి పూర్తిగా ఆరనివ్వు. ప్రింటు తీసినవాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, యూవీ వెలుగులో గట్టిపరిచే ఇస్తారు కానీ, ముట్టుకుంటే జిగటగా ఉంటే మాత్రం వాళ్లకే తిరిగి ఇచ్చేయి. గట్టిపడని రెసిన్ చేతికి తగలకూడదు.

ఇప్పుడు నీ బొమ్మ మీద ఉన్న ఇసుకను ఏం చేయాలి? ధోవతి, పీఠం లాంటి వెడల్పు చోట్ల అయితే గోడలకు రంగులు వేసేవాళ్లు వాడే వాటర్ పేపర్, 1000 నంబరుది, తడిపి మెల్లగా రుద్దు. పొడిగా రుద్దకు, రెసిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి రుద్దినా మాస్కు పెట్టుకో. ముఖం మీద రుద్దితే ముక్కు పోతుంది. ముఖం వరకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కొద్దికొద్దిగా తీసేయి. బొమ్మ మొత్తాన్ని అందులో నానబెట్టొద్దు. నేను ఒక రాత్రంతా నానబెట్టి తెల్లారి చూస్తే వేళ్ల చివర్లు మెత్తబడి విరిగిపోయాయి. చేతులు జోడించిన బొమ్మకు వేళ్లు పోతే ఇక ఏముంది?

రెండోది, ముక్కు పూడుకుపోవడం. రంగు సీసాలో ఉన్నట్టే వేశావు కదా? సీసాలోని రంగు మన పనికి చిక్కన. నా లెక్క వంటింటి లెక్క. మొదటి పూత పాలలా ఉండాలి. నీడల కోసం వేసేది నీళ్ల మజ్జిగలా ఉండాలి. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారేటట్టు వేసే గ్లేజు అయితే, కాఫీ ఫిల్టర్‌లో మూడోసారి నీళ్లు పోస్తే దిగే డికాషన్‌లా ఉండాలి. కింద ఉన్నది కనిపిస్తూనే రంగు మారాలి. ఆర్టిస్టులు వాడే ట్యూబు అక్రిలిక్ అయితే ఒట్టి నీళ్లతో అంత పలచన చేయకు. జిగురు పలచబడి రంగు పొడి విడిపోతుంది, ఆరాక చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. సగం నీళ్లు, సగం మ్యాట్ మీడియం (రంగు లేని, ఆరాక మెరవని జిగురు) కలుపు.

నీళ్లంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో బోరు నీళ్లు ఉప్పన. గ్లేజు ఆరిన చోటల్లా సన్నటి తెల్లపొర వచ్చేది. వారం రోజులు రంగును తిట్టుకున్నాను, రెండు సీసాలు పక్కన పడేశాను కూడా. ఒకరోజు స్టీలు చెంబు అడుగున పేరుకున్న తెలుపు చూశాక కానీ బుర్ర వెలగలేదు. అప్పటినుంచి ఫిల్టర్ నీళ్లే.

రంగు ఆరిపోవడం ఇంకో టెన్షన్. ఎండాకాలంలో పాలెట్ మీద పెట్టిన రంగు ఐదు నిమిషాల్లో తొక్క కడుతుంది. దీనికి వెట్ పాలెట్ ఒక్కటే దారి. కొననక్కర్లేదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ స్వీటు డబ్బాలో నాలుగు మడతల పాత నూలు గుడ్డ తడిపి పరుచు, దాని మీద బేకింగ్‌కు వాడే కాగితం వేయి. కాగితం కింది తడి పైకి ఊరుతూ రంగును రెండు మూడు రోజులు బతికిస్తుంది. స్టేషనరీ షాపులో బటర్ పేపర్ అని ఇచ్చేవాటిలో కొన్నింటికి మైనం పూత ఉంటుంది, వాటిలోంచి తడి రాదు. ఒక ముక్క తడి గుడ్డ మీద పెట్టి చూసి కొను. ఇక ఫ్యాను. తల మీద ఫ్యాను తిరుగుతుంటే బ్రష్ కొసన రంగు బొమ్మను చేరేలోపే ఎండుతుంది. ఫ్యాను కట్టేస్తే చెమట. నుదుటి మీంచి జారిన బొట్టు ఒకటి రాయలవారి ధోవతి మీద సరిగ్గా నడుమున పడి, అప్పటికి ఆరని గ్లేజులో గుండ్రటి మచ్చ చేసింది. ఇప్పుడు టేబుల్ ఫ్యాను నేల మీద పెట్టి కాళ్లకు తిప్పుకుంటాను. రాత్రి పది దాటాకే కూర్చుంటాను.

ఇక అసలు విషయం, వెలుగు.

నిజం మనిషి ఎండలో నిలబడితే గడ్డం కింద, చంక కింద, పంచె కుచ్చిళ్లలో నీడ దానంతటదే పడుతుంది. బొమ్మలో కుచ్చిళ్ల లోతు ఒక మిల్లీమీటరు. గదిలో దీపం ఆ బొమ్మ తలకంటే ఎన్నో రెట్లు పెద్దది, దాని వెలుగు ఆ సందుల్లోకంతా దూరిపోతుంది. నీడ నిలబడదు. అందుకే ఒకే రంగు శుభ్రంగా పూసిన బొమ్మ దూరం నుంచి ముద్దలా కనిపిస్తుంది. నీ బొమ్మకు జరిగింది ఇదే. పడని నీడనూ పడని వెలుగునూ మనమే రంగుతో పెట్టాలి, అదీ మనకు సరిపోతుందనిపించిన దానికంటే ఎక్కువగా.

ఎంత ఎక్కువ అంటే, మన గంగమ్మ జాతర చూశావా? తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర వేషాలు వేసుకున్నవాళ్లను వీధి చివర నుంచే గుర్తుపడతాం. బండ వేషానికి ఒళ్లంతా కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. దగ్గరికి వెళ్తే మోటుగా ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఖచ్చితంగా ఉంటుంది. మన బొమ్మదీ అదే లెక్క. చేతిలో పట్టుకుని కంటి ముందు పెట్టుకుంటే "అయ్యో, నీడ మరీ నల్లగా అయిందే" అనిపించాలి. షెల్ఫులో పెట్టాక సరిపోతుంది. ఇంకో సంగతి కూడా జాతరలోనే చూశాను. బొగ్గు పూసుకున్న మనిషి నుదురు మే ఎండకు, చెమటకు ఎలా మెరుస్తుందో గమనించు. నలుపులో కూడా బూడిద రంగు, నీలం ఛాయ, ఒకచోట దాదాపు తెలుపు ఉన్నాయి. బొమ్మలో జుట్టుకో మీసానికో ఒట్టి నలుపు పూసి వదిలేస్తే అక్కడ చిల్లు పడ్డట్టు ఉంటుంది.

వెలుగు తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. బొమ్మకు మొత్తం నల్ల ప్రైమర్ కొట్టు. ఆరాక తల పైనుంచి, ముందువైపు కొంచెం వాల్చి, తెల్ల ప్రైమర్ ఒక్కసారి సన్నగా చల్లు. దీన్ని జెనిథల్ అంటారు. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఎక్కడ వెలుగో అక్కడ తెలుపు, ఎక్కడ నీడో అక్కడ నలుపు మిగులుతుంది. వెంటనే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకో. తర్వాత రంగులు వేస్తూ దారి తప్పినప్పుడల్లా ఆ ఫోటో చూడాలి. నేను రాయలవారికి ఎడమవైపు పైనుంచి వెలుగు అనుకున్నాను. ఆరు వారాల్లో కనీసం పదిసార్లు ఆ ఫోటో తీసి చూసుకుని ఉంటాను.

ముఖం గురించి. చాలామంది "ఇండియన్ స్కిన్" అని సీసా మీద రాసి ఉన్న రంగు ఒకటి వేసి, దానికి తెలుపు కలిపి మెరుపు పెడతారు. మన ఒంటిరంగుకు తెలుపు కలిపితే బూడిద పూసుకున్నట్టు అవుతుంది. మెరుపుకు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపాలి, తెలుపు చివర్లో ఆవగింజంత. నీడకు ముదురు గోధుమ రంగు బర్న్ట్ అంబర్‌లో కొంచెం అల్ట్రామెరైన్ (ముదురు నీలం), కొంచెం ఎరుపు. ఒట్టి నలుపు మాత్రం వద్దు. ముఖాన్ని మూడు భాగాలుగా చూడు. నుదురు కొంచెం పసుపు వైపు. బుగ్గలు, ముక్కు కొస, చెవులు ఎరుపు వైపు, ఎందుకంటే అక్కడ రక్తం చర్మానికి దగ్గర. దవడ, గడ్డం నీలం కలిసిన బూడిద వైపు, గీసిన గడ్డం ఛాయ అది. ఈ తేడాలు డికాషన్ అంత పలచన గ్లేజుతోనే వేయాలి. వేశావని ఎవరికీ తెలియకూడదు, తీసేస్తే మాత్రం వెలితి తెలియాలి.

రాయలవారి ఛాయ ఏది అని అడుగుతావేమో. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ ఆయన్ను చూసి రాసిపెట్టాడు. మధ్యరకం ఎత్తు, తెల్లటి మేనిఛాయ, సన్నం కంటే లావు వైపు ఒళ్లు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. ఇది చదివి నాకు పూనకం వచ్చినంత పనైంది. మచ్చలు పెట్టాల్సిందే అనుకున్నాను. లెక్క వేసుకోలేదు. ఆరడుగుల మనిషి 75 మిల్లీమీటర్లు అయ్యాడంటే ఇరవై నాలుగో వంతు. మూడు మిల్లీమీటర్ల మచ్చ మిల్లీమీటరులో ఎనిమిదో వంతు అవుతుంది. ఒక రాత్రంతా కూర్చుని పదిహేను మచ్చలు పెట్టాను. పొద్దున మా ఆవిడ చూసి, "రంగు ఆరకముందే దుమ్ము పడింది చూసుకోలేదా?" అంది. మళ్లీ కూర్చుని అన్నీ చెరిపేశాను. చివరికి బుగ్గల మీద రంగు నున్నగా కాకుండా కొద్దిగా చుక్కలుగా వదిలేశాను, అంతే.

కళ్లు. ఇక్కడ నా మొండితనం గురించి చెప్పాలి. మన శిల్పుల ఆచారంలో విగ్రహానికి కళ్లు చివరన తెరుస్తారు, నేత్రోన్మీలనం అంటారు. మాధవమాలలో చెక్క బొమ్మలు చేసేవాళ్ల దగ్గర చిన్నప్పటి నుంచీ అదే చూశాను. అందుకని నేనూ ముఖం మొత్తం పూర్తిచేసి, గ్లేజులన్నీ ఆరాక, చివర్లో భక్తిగా కళ్లు పెట్టేవాణ్ని. చేయి వణికి తెలుపు రెప్ప దాటేది. దాన్ని సరిచేయబోతే అప్పటికే మూడు రోజులు కష్టపడి వేసిన బుగ్గ పోయేది. మూడు ముఖాలు అలా తుడిచేశాను. ఇప్పుడు ముఖంలో మొట్టమొదట కళ్లే వేస్తాను. మొదటి పూత ఒంటిరంగు ఆరగానే కళ్లు. గీత దాటితే దాటనీ, చుట్టూ ఒంటిరంగుతోనే రెప్పను చెక్కుకుంటూ రావచ్చు. ఆచారం విగ్రహానికి, ఇది షెల్ఫులో బొమ్మ అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వేసే వరుస ఇది. కంటి గుంట మొత్తం ముదురు గోధుమతో నింపు. దాని లోపల, అంచున సన్నటి గోధుమ గీత మిగిలేలా, కంటి తెలుపు వేయి. అది తెలుపు కాకూడదు, తెలుపులో ఒంటిరంగు కలిపిన మాసిన రంగు కావాలి. తర్వాత నల్లగుడ్డు. మనిషి కంటి వెడల్పు మూడు సెంటీమీటర్లు అనుకుంటే బొమ్మలో ఒకటింపావు మిల్లీమీటరు, నల్లగుడ్డు అర మిల్లీమీటరు. నీ రాయలవారు దయ్యంలా చూడటానికి కారణం, నల్లగుడ్డు చుట్టూ నాలుగువైపులా తెలుపు వదిలావు. భయపడ్డ మనిషికి, కోపంతో ఊగే మనిషికి తప్ప మామూలుగా అలా కనిపించదు. నల్లగుడ్డు పైరెప్పలోకి కొంచెం దూరాలి, కింది రెప్పను తాకాలి. చుక్కలా పొడవకు, పైనుంచి కిందికి చిన్న నిలువు గీతలా లాగు. రెండు కళ్లూ ఎదురుగా చూసేలా పెట్టడం కష్టం, కొంచెం పక్కకు చూసేలా పెట్టడం సులువు. ఈ బొమ్మ దణ్ణం పెడుతున్నది కాబట్టి నేను చూపు కిందికి దించాను. పైరెప్ప కాస్త మందంగా వేస్తే చాలు, సగం కన్ను కనిపించదు, భక్తీ వస్తుంది. చేయి వణకకుండా రెండు మణికట్లూ ఆనించి, మోచేతులు టేబుల్ మీద పెట్టి, ఊపిరి వదిలాక గీత లాగు. బొమ్మను చేత్తో పట్టుకోకు. ఖాళీ హోమియో మందు సీసా మూత మీద అంటించి, సీసా పట్టుకుని తిప్పుకో.

బట్టల దగ్గరికి వద్దాం. తిరుమల మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో రాయలవారూ తిరుమలదేవీ చిన్నాదేవీ రాగి విగ్రహాలుగా నిలబడి ఉంటారు. క్యూలో తోసుకుపోతూ చాలామంది చూడరు. తల మీద పొడుగాటి కుళ్లాయి, చేతులు జోడించి, పైన బట్ట లేకుండా. నీ బొమ్మ చేసినవాళ్లు దాన్నే చూసి చేసినట్టున్నారు. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి నేను ఒకసారి చూసి, బయటికొచ్చి లడ్డూ కవరు మీదే బొమ్మ గీసుకున్నాను. విగ్రహం రాగి కాబట్టి బట్ట రంగు చెప్పదు. అక్కడ మళ్లీ పయసే సాయం. తెల్లటి బట్టల మీద బంగారు గులాబీల పని, మెడలో వజ్రాల హారం, తల మీద జరీ టోపీ, కాళ్లకు చెప్పులు లేవు అని రాశాడు. నేను ధోవతికి అదే తెలుపు, ఆ గులాబీలే తీసుకున్నాను.

తెలుపు వేయడం అన్నింటికంటే కష్టం. నీలం కలిసిన లేత బూడిదతో మొదలుపెట్టి, మెరుపుల దగ్గర మాత్రమే అసలు తెలుపుకు వెళ్లాలి. మొదటే తెలుపు వేస్తే పైకి పోవడానికి మెట్టు ఉండదు. నేను నీడలకు లేత గోధుమ వాడాను, ఉతికి ఉతికి వాడిన నూలు పంచెలా రావాలని. పట్టు కావాలంటే నీలం వైపు వెళ్లు. గులాబీలు నిజంగా గీయాలని చూడకు. ఐదు చుక్కలు గుండ్రంగా, మధ్యలో ఒకటి. దూరం నుంచి అది పువ్వే. ఒక్కటే నియమం, పువ్వు మడత మీదికి వచ్చినప్పుడు మడతలోకి వంగి సగం కనిపించకుండా పోవాలి. మడతను పట్టించుకోకుండా వరుసగా పెట్టుకుంటూ పోతే బట్ట మీద స్టిక్కర్లు అంటించినట్టు ఉంటుంది. పువ్వులన్నీ పెట్టాక, మడతల లోపల నీడ రంగు గ్లేజు మళ్లీ ఒకసారి వేస్తే పువ్వు బట్టలో కలిసిపోతుంది. గ్లేజు వేసేటప్పుడు బ్రష్‌లో రంగు ముంచి టిష్యూకు తుడిచి, చుక్క కారకుండా చూసి వేయి. గీత ఎక్కడ ఆపుతావో అక్కడే రంగు ఎక్కువ దిగుతుంది, కాబట్టి వెలుగు నుంచి నీడలోకి లాగు. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెట్టావా, కాఫీ గ్లాసు మచ్చలా అంచు కడుతుంది. పూర్తిగా ఆరేదాకా చేతులు కట్టుకో.

బంగారం విషయంలో నీకు రెండు దారులున్నాయి. ఒకటి మెటాలిక్ రంగు, రెండోది మామూలు రంగులతోనే బంగారం అనిపించడం. రెండోది నాకు ఇష్టం, అది నేర్పింది మాత్రం ఆనందనిలయమే. ప్రదక్షిణలో విమాన వేంకటేశ్వరుడి కోసం తలెత్తుతాం కదా, ఈసారి దణ్ణం పెట్టుకున్నాక రెండు క్షణాలు బంగారాన్ని చూడు. పసుపు ఎంత ఉందో లెక్కపెట్టు. సగానికి పైగా ముదురు గోధుమే కనిపిస్తుంది, ఎండ తగిలిన అంచు మాత్రం దాదాపు తెలుపు. పసుపు ఆ రెంటి మధ్య సన్నటి పట్టీ. నువ్వు గొలుసుకు మొత్తం పసుపు పూసి ఉంటావు. ముదురు గోధుమ, ఓకర్, పసుపు, చివర్లో తెల్లటి పసుపు, ఈ నాలుగూ ఎంత దగ్గరదగ్గరగా, ఎంత హఠాత్తుగా మారితే అంత మెరుపు. బట్టకు నెమ్మదిగా జారే రంగు కావాలి, లోహానికి జారకూడదు, తెగాలి. జెనిథల్ ఫోటోలో తెల్లగా ఉన్న చోటే ఆ తెల్లటి పసుపు పెట్టు.

అది కష్టం అనిపిస్తే మెటాలిక్ వాడు, సిగ్గుపడనక్కర్లేదు. కానీ కింద గోధుమ పూత వేసి, బంగారం పలచగా వేసి, సందుల్లోకి గోధుమ గ్లేజు దింపి, అంచుల్లో వెండి కలిపిన బంగారం గీయి. మెటాలిక్‌కు వేరే నీళ్ల గ్లాసు, వేరే బ్రష్. ఆ మెరుపు రేణువులు నీళ్లలో కలిస్తే తర్వాత రాయలవారి బుగ్గల మీద తళుక్కుమంటాయి.

కుళ్లాయి గురించి పెద్దగా చెప్పేది లేదు. జరీ టోపీ అన్నాడు కాబట్టి ముదురు ఎరుపు మీద ఓకర్‌తో సన్నటి గీతలు. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల్లో అలాంటి పొడుగు టోపీలు బోలెడు, అక్కడి ఫోటోలు వెతికి చూడు. వజ్రాలకు మామూలుగా వేసేదానికి ఎదురు వేయాలి. రాయి పైభాగం ముదురు, కిందిభాగం లేత, ముదురు భాగంలో ఒకే తెల్ల చుక్క. రాయి లోపలికి వెలుగు దూరి కిందివైపు బయటపడుతుంది మరి.

బ్రష్ అడిగావు కదా. అందరూ కళ్లకోసమని ట్రిపుల్ జీరో (000) నంబరు సన్నటి బ్రష్ కొంటారు. దాని పొట్టలో రంగు నిలవదు, కొస బొమ్మను చేరేలోపు ఎండుతుంది. ఒకటో నంబరు గుండ్రటి బ్రష్, కొస సూదిలా నిలిచేది ఒక్కటి చాలు, నేను కళ్లు కూడా దానితోనే వేశాను. కొలిన్‌స్కీ అనే జంతువు వెంట్రుకలది అయితే బాగుంటుంది కానీ ఇప్పుడే అంత డబ్బు పెట్టకు. కొస కోసం నోట్లో పెట్టుకుని చప్పరించే అలవాటు ఉంటే మానేయి, కొన్ని రంగుల్లో ఒంటికి పడని లోహాలు ఉంటాయి. ఇరవై నాలుగు రంగుల సెట్టు వద్దు. తెలుపు, నలుపు, బర్న్ట్ అంబర్, ఎల్లో ఓకర్, ఒక ముదురు ఎరుపు, అల్ట్రామెరైన్. వయ్యెహో (Vallejo) కంపెనీ రంగులైనా సిటడెల్ రంగులైనా బయటి దేశాల సరుకే, మన దగ్గరికి వచ్చేసరికి ధర కొరుకుతుంది, కాబట్టి ఈ ఆరూ మంచివి కొని మిగతావి కలుపుకో. పైన చెప్పిన బొమ్మలో బంగారు పసుపు ఒక్కటే అదనంగా కొన్నాను.

చివరి పూత వార్నిష్, అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకో. కార్తీక మాసంలో, రెండు రోజుల వాన ఆగిన గంటకే, తొందరపడి మ్యాట్ స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో ఆరు వారాల పని మంచు కప్పినట్టు తెల్లబడింది. గాలిలో తడి పూతలో ఇరుక్కుంటే అలా అవుతుంది. ఆ రాత్రి అన్నం తినలేదు. నాలుగు రోజులు ఆగి, ఎండ కాసిన పూట గ్లాసీ (మెరిసే) వార్నిష్ బ్రష్‌తో పలచగా వేస్తే చాలావరకు తేటపడింది, దాని మీద మళ్లీ మ్యాట్ బ్రష్‌తో వేసుకున్నాను. కుడి మోచేయి సందులో ఇప్పటికీ ఒక తెల్ల మరక ఉంది, చూపిస్తే తప్ప కనబడదు. మెటాలిక్ వాడితే మ్యాట్ వార్నిష్ అయ్యాకే వేయి, లేకపోతే మెరుపు చచ్చిపోతుంది. కళ్లకూ వజ్రాలకూ చివర్లో ఒక్కో చుక్క గ్లాసీ వార్నిష్.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది, ముఖం మీది రంగు తీసేయడం, ధోవతి మీది ఇసుక రుద్దడం, రేపు ఉదయం ఏడుకు ముందు నలుపూ తెలుపూ కొట్టడం. రంగు ఇంకా ముట్టుకోకు. జెనిథల్ అయ్యాక నాలుగు వైపులా ఫోటోలు తీసి నాకు పంపు. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, బొమ్మ పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయి. వెలుగు ఏ వైపు అనుకున్నావో కూడా రాయి, ముఖం ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు చెప్తాను.